మొదటి ఉద్యోగానికి మార్కులు ఎంతవరకు పనికొస్తాయి: 6.2 సీజీపీఏ దగ్గర ఉన్న ఒక విద్యార్థికి సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈ చదువుతున్నారు. 3-1 (మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్) ఫలితాలు వచ్చాయి, సీజీపీఏ, అంటే ఇప్పటిదాకా వచ్చిన గ్రేడుల సగటు, పదికి 6.2 దగ్గర ఆగింది, ఒక సబ్జెక్టు పాసవక బ్యాక్‌లాగ్‌గా ఉంది. పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ 80 శాతం దాటింది. మార్కులు లేనిదే ఉద్యోగం రాదని నాన్నగారు అంటున్నారు. మార్కులు ఎవరూ చూడరు, కోడింగ్ వస్తే చాలని ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న మీ సీనియర్ అంటున్నాడు. మిగిలిన మూడు సెమిస్టర్ల సమయాన్ని దేనిమీద పెట్టాలో తేల్చుకోలేక అడిగారు.

హైదరాబాద్‌లో ఫ్రెషర్ల నియామకాల్లో దరఖాస్తుల వడపోత దగ్గర నుంచి ఇంటర్వ్యూల దాకా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా నేను చెప్పగలిగింది ఇది: మీరు పరీక్ష రాయడానికి అర్హులా కాదా అన్నది మార్కులు తేలుస్తాయి, ఆ గడప దాటిన తర్వాత ఆ అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ ఆ మార్కులు తెచ్చిన సబ్జెక్టు మీకు నిజంగా వచ్చా అన్నది మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు. నాన్నగారు గడప బయటి సంగతి చెబుతున్నారు, సీనియర్ లోపలి సంగతి చెబుతున్నాడు. మీరు ఇంకా బయటే ఉన్నారు గనుక ముందు నాన్నగారి మాటనే లెక్కలోకి తీసుకోవాలి.

వడపోత ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూసినవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కంపెనీ మీ కళాశాలకు వచ్చి జరిపే క్యాంపస్ డ్రైవ్‌కు ముందు మీ టీపీవో (ప్లేస్‌మెంట్ అధికారి) గారు కంపెనీకి ఒక ఎక్సెల్ షీటు పంపుతారు. అందులో హాల్‌టికెట్ నంబరు, పేరు, బ్రాంచి, పదో తరగతి శాతం, ఇంటర్ లేదా డిప్లొమా శాతం, బీటెక్ సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌ల సంఖ్య, చదువులో ఖాళీ ఏళ్లు అనే గడులు ఉంటాయి. కంపెనీ వైపు కూర్చున్న ఉద్యోగి ఒక్కొక్క గడికీ ఫిల్టర్ పెడతాడు. పదిలో 60, ఇంటర్‌లో 60, బీటెక్‌లో 60, బ్యాక్‌లాగ్ సున్నా లేదా ఒకటి. నాలుగు క్లిక్కులతో వందల పేర్ల జాబితా సగానికి తగ్గిపోతుంది. తొలగిపోయిన పేర్లలో ఎవరికి పైథాన్ బాగా వచ్చో, ఎవరు సొంతంగా యాప్ తయారు చేశారో ఆ ఉద్యోగికి కనిపించదు, ఎందుకంటే ఆ షీటులో అలాంటి గడే లేదు. ఇది క్రూరమైన పద్ధతి అని మీకు అనిపిస్తే మీతో నేనూ ఏకీభవిస్తాను. కానీ లక్షల్లో దరఖాస్తులు వచ్చే చోట ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం ఎవరివల్లా కాదు, అందుకే అందరి దగ్గరా తప్పకుండా ఉండే ఒకే ఒక అంకెను పట్టుకుంటారు.

మన దగ్గర ‘త్రూఔట్ 60’ అని విద్యార్థులు చెప్పుకునే నిబంధన ఇదే. టీసీఎస్ వంటి, ఇతర సంస్థలకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే పెద్ద సర్వీసు కంపెనీలు చాలా ఏళ్లుగా పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం లేదా 6 సీజీపీఏ అడుగుతూ వచ్చాయి. పదిలోనూ ఇంటర్‌లోనూ మీకు ఇబ్బంది లేదు; ఆ రెండింటిలో ఏదో ఒకటి 58 దగ్గర ఆగిపోయి, ఇప్పుడు ఏమీ చేయలేక బాధపడే పిల్లలను నేను ఏటా చూస్తుంటాను. మీ సమస్య బీటెక్ గడి ఒక్కటే, అది ఇంకా మీ చేతిలోనే ఉంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 6.2 సీజీపీఏ అంటే 62 శాతం కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సీజీపీఏలో నుంచి 0.5 తీసేసి, మిగిలినదాన్ని 10తో గుణిస్తే శాతం వస్తుంది. ఆ లెక్కన మీది 57 శాతం. సరిగ్గా 60 శాతం కావాలంటే 6.5 ఉండాలి, ఫస్ట్ క్లాసు మొదలయ్యేది కూడా అక్కడే. ప్రకటనలో ‘60 శాతం లేదా 6 సీజీపీఏ’ అని రాసిన కంపెనీకి మీరు ఇప్పటికే అర్హులు. ‘60 శాతం, విశ్వవిద్యాలయ సూత్రం ప్రకారం’ అని రాసినదానికి అర్హులు కారు. అందుకే ప్రతి ప్రకటననూ చివరి వాక్యం దాకా చదవండి. ఈ సూత్రం అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకేలా ఉండదు, ఒక్కోసారి రెగ్యులేషన్ మారితే సూత్రమూ మారుతుంది గనుక, మీ బ్యాచ్‌కు వర్తించే అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకంలో ఆ పేజీని ఒకసారి చూసి దగ్గర పెట్టుకోవడం మంచిది. 60 శాతం అడిగే బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో 59.99 శాతాన్ని 60 కంటే తక్కువగానే పరిగణిస్తామని స్పష్టంగా రాస్తారు. దగ్గర్లో ఉన్నాం కదా, సర్దుకుంటారులే అనే ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు (క్రెడిట్ అంటే ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు), సెమిస్టరుకు సుమారు 20. మీకు అయిదు సెమిస్టర్లు అయ్యాయి కాబట్టి 100 క్రెడిట్ల మీద 6.2, అంటే 620 పాయింట్లు. మిగిలిన మూడు సెమిస్టర్లలోనూ సగటున 7 తెచ్చుకుంటే మరో 420 కలిసి 1,040 అవుతుంది. 160తో భాగిస్తే సరిగ్గా 6.5. డిగ్రీ చేతికి వచ్చేసరికి 60 శాతం ఉండాలంటే ఇది చాలు. కానీ పెద్ద సంఖ్యలో ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలు నాలుగో సంవత్సరం మొదట్లోనే వస్తాయి, అప్పటికి వాళ్ల షీటులో ఉండేది 3-2 దాకా వచ్చిన సీజీపీఏ మాత్రమే. ఆ 120 క్రెడిట్ల మీద 6.5 కనిపించాలంటే 780 పాయింట్లు కావాలి, అంటే ఈ ఒక్క 3-2 సెమిస్టర్‌లో మీరు 160 పాయింట్లు, సగటున 8 తెచ్చుకోవాలి. ఒకవేళ 7 దగ్గర ఆగితే మీ సీజీపీఏ 6.33, శాతం 58.3, ఆ సీజన్లో 60 శాతం కచ్చితంగా అడిగే కంపెనీల జాబితాలో మీ పేరు ఉండదు.

సగటున 8 అంటే ప్రతి సబ్జెక్టులో 70 మార్కులు దాటి ‘ఏ’ గ్రేడు తెచ్చుకోవడం. 6.2 నుంచి అక్కడికి ఒక్క సెమిస్టర్‌లో ఎగబాకడం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. 2022-23లో చేరినవారి నుంచి అమలైన ఆర్22 రెగ్యులేషన్‌లో 100కి 40 మార్కులు ఇంటర్నల్స్‌వి, 60 సెమిస్టర్ పరీక్షవి. ఇంటర్నల్స్‌లో 34, 35 తెచ్చుకున్న విద్యార్థికి సెమిస్టర్ పరీక్షలో 36 వస్తే సరిపోతుంది. ఇంటర్నల్స్ 24 దగ్గర వదిలేసినవాడికి 46 కావాలి. మన పిల్లలు ఈ ఇంటర్నల్స్‌లో లెక్కకు వచ్చే మిడ్ పరీక్షలను తేలిగ్గా తీసుకుని, సెమిస్టర్ పరీక్షల ముందు వారం రోజులు రాత్రుళ్లు మేలుకుంటారు. మీరు మొదటి మిడ్ నుంచే జాగ్రత్త పడండి. ల్యాబులకూ మినీ ప్రాజెక్టుకూ ‘ఓ’ గానీ ‘ఏ ప్లస్’ గానీ తెచ్చుకుంటే, కష్టమైన ఒకటి రెండు థియరీ సబ్జెక్టుల్లో ‘బీ ప్లస్’ వచ్చినా సగటు నిలబడుతుంది. ల్యాబ్ రికార్డు సకాలంలో రాయడం, వైవాకు చదువుకుని వెళ్లడం చిన్న పనులే. ఉన్న సమయంలో ఎక్కువ పాయింట్లు వచ్చేది మాత్రం వాటివల్లే.

కంపెనీలు పెట్టే ఈ అర్హత గీత ప్రతి ఏటా ఒకే చోట ఉండదు. 2021-22లో టీసీఎస్ ఒక్కటే లక్షమంది ఫ్రెషర్లను చేర్చుకుంది. ఆ ఏడాది కంపెనీలకు మనుషులు కావాలి, అందుకని కళాశాలల చుట్టూ వాళ్లే తిరిగారు. 2023-24 ముగిసేసరికి అదే టీసీఎస్‌లో మొత్తం సిబ్బంది 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో 25 వేలకు పైగా తగ్గారు. ఉద్యోగాలు తక్కువగా ఉన్న ఏడాది అర్హత గీతను పైకి జరపడం కంపెనీలకు అన్నిటికంటే తేలికైన పని: 60 ఉన్నచోట 65 అంటారు, 6.5 ఉన్నచోట 7 అంటారు, బ్యాక్‌లాగ్ ఒకటి పర్వాలేదన్నచోట అసలు ఉండకూడదంటారు. మీ సీనియర్ ఏ సంవత్సరం ఉద్యోగంలో చేరాడో ఒకసారి అడగండి. మంచి ఏడాదిలో చేరినవారికి మార్కుల ప్రస్తావనే రాకపోయి ఉండవచ్చు, అది వాళ్ల నిజమైన అనుభవమే. మీరు బయటికి వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరం చెప్పలేం కాబట్టి, గీతకు కాస్త పైన ఉండటం మీకు రక్షణ. హైదరాబాద్‌లోని ప్రొడక్ట్ కంపెనీలు (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మేవి), విదేశీ బ్యాంకుల టెక్నాలజీ కేంద్రాలు క్యాంపస్‌కు వచ్చినప్పుడు 7, 7.5 అడగడం మామూలే. అది మీకు ఇప్పట్లో అందదు. ఆ కంపెనీలకు మీరు వెళ్లగల దారి కళాశాలతో సంబంధం లేకుండా రాసే ఆఫ్ క్యాంపస్ కోడింగ్ పరీక్షలు, ఇంటర్న్‌షిప్‌లు, అక్కడ పనిచేసేవారు మీ పేరు సూచించే రెఫరల్.

ఇక గడప లోపలి సంగతి. 6.5 ఉన్నవారూ 9.2 ఉన్నవారూ రాసేది ఒకే ఆన్‌లైన్ పరీక్ష. టీసీఎస్ నియామక పరీక్ష ఎన్‌క్యూటీలో అర్హతకు కావలసిన మార్కులు అందరికీ ఒకటే, ఏడాదికి సుమారు 3.36 లక్షల జీతం ఉండే నింజా ఆఫర్ వస్తుందా, దానికి దాదాపు రెట్టింపు ఉండే డిజిటల్ ఆఫర్ వస్తుందా అన్నది ఆ పరీక్షలో, ఆ తర్వాత ఇంటర్వ్యూలో మీరు చూపిన సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. సీజీపీఏ ఎక్కువ ఉన్నందుకు ప్యాకేజీ పెరిగిన సందర్భం సర్వీసు కంపెనీల్లో నేను చూడలేదు. ఈ సంగతి తెలియక 8.5ను 9 చేసుకోవడానికి రెండేళ్లు కష్టపడి, చివరికి అరవై నిమిషాల కోడింగ్ పరీక్షలో లూపు రాయడానికి తడబడిన పిల్లలున్నారు. వాళ్లను చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్లు కష్టపడనివారు కాదు.

ఇంటర్వ్యూ బల్ల దగ్గర ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకే రోజు, ఒకే కళాశాలలో ఇద్దరిని వరుసగా కలిశాను. మొదటి విద్యార్థికి 9కి పైగా సీజీపీఏ, డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు)లో ‘ఓ’ గ్రేడు, అంటే అన్నిటికంటే పై గ్రేడు. రెజ్యూమేలో ఆన్‌లైన్ హాజరు నమోదు ప్రాజెక్టు రాశాడు. ‘లాగిన్ పేజీ ఉందన్నారు కదా, పాస్‌వర్డులను డేటాబేస్‌లో ఎలా దాచారు?’ అని అడిగాను. నీళ్లు నమిలాడు. డేటాబేస్‌లో ఆ టేబుల్ (పట్టిక) పేరు అడిగితే చెప్పలేకపోయాడు, ఎన్ని టేబుళ్లున్నాయో కూడా తెలియదు. ప్రాజెక్టు బయట కొన్నదని అర్థమైపోయింది. రెండో విద్యార్థికి 6.7. అతనిదీ అలాంటి ప్రాజెక్టే, చూడటానికి ఇంకా సాదాగా ఉంటుంది. అదే ప్రశ్న అడిగితే, మొదట పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్టే దాచానని, ఒక స్నేహితుడు టేబుల్ తెరిచి తన పాస్‌వర్డు చదివేయడంతో అది ఎంత ప్రమాదమో తెలిసిందని, తర్వాత హ్యాషింగ్ (పాస్‌వర్డును తిరిగి చదవలేని రూపంలోకి మార్చడం) గురించి చదివి మార్చానని చెప్పాడు. రెండు ఒకేలాంటి పాస్‌వర్డులకు హ్యాష్ కూడా ఒకేలా వస్తే ఎలా అని అడిగితే, అందుకే ఒక్కో పాస్‌వర్డుకూ సాల్ట్ అనే వేరువేరు అదనపు అక్షరాలు కలిపానని కాగితం మీద టేబుల్ గీసి చూపించాడు. అతని సీజీపీఏ ఎంతో ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. అయితే, 6.7 గీత దాటింది కాబట్టే అతను ఆ కుర్చీ దాకా రాగలిగాడు. అదే తెలివి, అదే ప్రాజెక్టు ఉండి 5.9 దగ్గర ఆగిన విద్యార్థి పేరు నా జాబితాలోకే వచ్చేది కాదు.

గూగుల్ మార్కులు చూడదని విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటుంది. దానికి ఆధారం 2013లో అప్పటి గూగుల్ మానవ వనరుల విభాగాధిపతి లాస్లో బాక్ ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ. నియామకాలకు కొలబద్దగా జీపీఏ పనికిరాదని తమ సమాచారంలో తేలిందని ఆయన అన్నమాట నిజమే. కానీ, అప్పుడే కళాశాల నుంచి బయటికి వచ్చినవారి విషయంలో మాత్రం కొద్దిపాటి సంబంధం కనిపించిందని కూడా అదే వాక్యంలో ఆయన చెప్పారు. మనకు పనికొచ్చే ఆ సగం వాక్యాన్నే వదిలేసి మిగతా సగాన్ని పంచుకుంటున్నారు.

ప్రభుత్వ రంగం వైపు ఆలోచన ఉంటే లెక్క వేరుగా ఉంటుంది. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు, బ్యాంకు పీవో పరీక్షకు డిగ్రీ పాసైతే చాలు, అందులో ఇన్ని మార్కులు రావాలన్న నిబంధన సాధారణంగా ఉండదు. ఇంజనీరింగ్ విద్యార్థులు రాసే జాతీయ పరీక్ష గేట్‌కు కూడా కనీస మార్కుల నిబంధన లేదు. కానీ ఆ గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థకు దరఖాస్తు చేసేటప్పుడు జనరల్ అభ్యర్థులను బీటెక్‌లో 60 లేదా 65 శాతం అడుగుతారు. మంచి ర్యాంకు వచ్చాక అక్కడ ఆగిపోవడం ఎంత బాధాకరమో ఊహించండి. ఇస్రో సైంటిస్ట్ ఇంజనీర్ ఉద్యోగానికి 65 శాతం లేదా 10కి 6.84 సీజీపీఏ ఉండాలి. మిగిలిన మూడు సెమిస్టర్లలో సగటున 8 తెచ్చుకుంటే మీ చివరి సీజీపీఏ 6.875 అవుతుంది, అంటే ఇస్రో గీతను కూడా అంచు మీద దాటుతారు. పూర్తిగా మార్కులతోనే తేలిపోయే అవకాశాలూ ఉన్నాయి: హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను బీటెక్ మార్కుల మెరిట్ ప్రకారం తీసుకుంటుంది, అక్కడ పరీక్షే ఉండదు. కాబట్టి మార్కులు ముఖ్యమా అన్న ప్రశ్నకు, ఏ ఉద్యోగానికి అన్న ఎదురు ప్రశ్న వేసుకోకుండా జవాబు దొరకదు.

బ్యాక్‌లాగ్ విషయంలో మీరు పడుతున్న భయం అవసరానికి మించి ఉంది. తర్వాత రాసి పాసైన, అంటే క్లియర్ అయిన బ్యాక్‌లాగ్ వేరు, ఇంకా పాస్ కాని యాక్టివ్ బ్యాక్‌లాగ్ వేరు. ఎక్కువ కంపెనీలు పట్టించుకునేది రెండోదాన్నే. ఒకటి ఉన్నా పరీక్ష రాయనిచ్చి, చేరేలోపు పూర్తి చేయమనే కంపెనీలూ ఉన్నాయి, కానీ డ్రైవ్ సమయానికి సున్నా ఉంటే మీకు ఎవరి దయా అక్కరలేదు. అందుకని రాబోయే సప్లిమెంటరీలో అది పోవాలి. కోడింగ్ నేర్చుకోవడం కంటే, కొత్త కోర్సులో చేరడం కంటే ముందు ఇది. ఇంటర్వ్యూలో ఆ సబ్జెక్టు ఎందుకు పోయిందని అడిగితే, లెక్చరర్ సరిగా చెప్పలేదనీ పేపరు దిద్దడంలో అన్యాయం జరిగిందనీ అనవద్దు. ఏ యూనిట్లు చదవకుండా వెళ్లారో, రెండోసారి ఎలా చదివారో రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకోండి. ఆ తర్వాత అదే సబ్జెక్టులో ఒక ప్రశ్న వేస్తారని సిద్ధంగా ఉండండి, నేనైతే తప్పకుండా వేస్తాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 6.2ను ఫారంలో 62 శాతం అని రాయవద్దు. చేరేటప్పుడు మార్కుల మెమోలన్నీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్టూ అడుగుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థ విశ్వవిద్యాలయానికే రాసి సరిచూసుకుంటుంది. తేడా బయటపడితే ఆఫర్ రద్దవుతుంది, చేరిన తర్వాత బయటపడితే ఉద్యోగం పోతుంది, ఆ కంపెనీ తలుపులు మళ్లీ తెరుచుకోవు. అలాగే అమీర్‌పేట చుట్టుపక్కల రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి ఇస్తామనే కన్సల్టెన్సీలు మీలాంటి పిల్లలనే వెతుక్కుంటాయి. మార్కులు తక్కువైనందుకు మీకున్న కష్టం మహా అయితే రెండేళ్లుంటుంది. దొంగ అనుభవం చూపించి చేరినవారు నిజంగా ఎక్కడ పనిచేశారో చూపే పీఎఫ్ రికార్డు ఎవరు ఎప్పుడు తీసి చూస్తారోనని ప్రతి కొత్త కంపెనీలోనూ బిక్కుబిక్కుమంటూ బతకాలి.

రెండేళ్లు అని ఎందుకన్నానంటే, మార్కుల బరువు అంత త్వరగా తగ్గిపోతుంది. రెండో ఉద్యోగానికి వెళ్లినప్పుడు మొదటి ఉద్యోగంలో ఏం చేశారు, ఏ టెక్నాలజీ మీద చేశారు, ఇబ్బంది వచ్చినప్పుడు ఎలా పరిష్కరించారు అన్నదే సంభాషణంతా. దరఖాస్తు ఫారంలో శాతం గడి అప్పుడూ ఉండవచ్చు, కొన్ని కంపెనీలు ఉద్యోగానుభవం ఉన్నవారికి కూడా 60 నిబంధన పెడతాయి, కానీ ఇంటర్వ్యూ చేసేవారు ఆ గడివైపు చూడరు. మీ సీనియర్ చెబుతున్నది ఈ దశ గురించి. మీరు అక్కడికి చేరాక ఆయన మాట అక్షరాలా నిజమవుతుంది.

ఈ సెమిస్టర్‌కు నేను సూచించే క్రమం ఇది. తరగతులు జరిగే రోజుల్లో రోజుకు రెండు గంటలు సిలబస్‌కు, ఒక గంట కోడింగ్‌కు ఇవ్వండి. సప్లిమెంటరీకి ముందు మూడు వారాలు ఆ కోడింగ్ గంటను కూడా బ్యాక్‌లాగ్ సబ్జెక్టుకే ఇవ్వండి. కోడింగ్ ఒక భాషలోనే చేయండి, జావా అయినా పైథాన్ అయినా సరే. అర్రేలు, స్ట్రింగులు, లూపులు కాగితం మీద రాయగలిగేదాకా ముందుకు పోవద్దు. డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టులను ఇంటర్వ్యూలో అడుగుతారు కాబట్టి వాటికి చదివిన ప్రతి గంటా రెండు చోట్లా పనికొస్తుంది. మినీ ప్రాజెక్టును మాత్రం ఎంత చిన్నదైనా మీరే చేయండి, కొనవద్దు. 3-2 ఫలితాలు వచ్చాక సీజీపీఏ 6.5 దాటితే ఆ రోజు నుంచి గంటల లెక్కను తిప్పేయండి: సిలబస్‌కు ఒకటి, కోడింగ్‌కూ ఆప్టిట్యూడ్‌కూ రెండు. దాటకపోతే, ‘6 సీజీపీఏ’ అని రాసే కంపెనీల జాబితాను మీ టీపీవో గారి దగ్గర ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి, వాటిలో ఒక్క డ్రైవ్‌ను కూడా వదలకండి. ఫలితాలు రాగానే మీ మార్కుల వివరాలతో మళ్లీ ఇక్కడే రాస్తే, అప్పటి పరిస్థితిని బట్టి ఏ కంపెనీలకు దరఖాస్తు చేయవచ్చో చూసి చెబుతాను.